వెలగని బోర్డు

మా వదినకు మిగిలింది కుడి కన్నొక్కటే. దాని లోపలా చిన్న గడ్డ లేచింది. డాక్టరమ్మ ఎర్రటి కాంతి పంపి, ఆ గడ్డను వేడితో మాడుస్తోంది. చుట్టూ ఉన్న మంచి పొరకు వేడి తగిలితే చూపు పోతుంది. అందుకని వేడి పెట్టే ముందు ప్రతిసారీ చూపు పరీక్ష చేస్తారు. తేడా వస్తే ఆపేస్తారు.

చదువురాని వాళ్ళకు, గుర్తులు ఎటు తిరిగి ఉన్నాయో వేలితో చూపించే బోర్డు వేరే ఉంది. పరీక్ష చేసే అమ్మాయి మొదట దాన్నే తీసింది. వదినకు రోషం వచ్చింది.

"ఈ వయసులో పలక పట్టింది ఇందుకా? అక్షరాలది పెట్టు తల్లీ!"

నా మనవరాలి దగ్గర ఇద్దరం కలిసే దిద్దుకున్నాం. వదిన ప్రతిసారీ బోర్డు గడగడా చదివేసి నావైపు గొప్పగా చూసేది.

ఈసారి ఆసుపత్రి గుమ్మంలో, మెట్టు లేనిచోట కాలు దించి తూలింది. పట్టుకున్నాను. నా ముఖంలోకి చూసి, "నీ నుదుటి మీద ఏంటే ఆ రాత?" అంది.

"నా నుదుటి రాత ఇన్నాళ్ళకు కనబడిందా వదినా?" అని నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

గదిలో కూర్చోగానే, అడక్కముందే మొదలుపెట్టింది. పైనుంచి కిందిదాకా తడుముకోకుండా చదివింది. ఆఖరి వరుస "ఘ, శ, థ, ధ."

అమ్మాయి చెయ్యి స్విచ్చి మీదే ఉంది. "పెద్దమ్మా, నేనింకా లైటు వెయ్యలేదు."

గోడ మీద నాకు చీకటే కనబడింది.

"బట్టీ పట్టారా?"

"నాకేం ఖర్మ? కనబడుతుంటే చదివాను."

డాక్టరమ్మ వచ్చి దిక్కుల బోర్డు వెలిగించింది. "ఇవి ఎటు తిరిగి ఉన్నాయి?"

"తిరగడమేంటమ్మా? ఘ, శ, థ, ధ."

డాక్టరమ్మ తన అరచెయ్యి అడ్డం పెట్టింది. వదిన అరచెయ్యినీ అలాగే చదివింది.

డాక్టరమ్మ కంట్లోకి వంగి చాలాసేపు చూసింది. "మంచి పొర కూడా మాడింది. చూపు పోయిన చోట మెదడు పాత బొమ్మనే చూపిస్తోంది. ఎప్పటినుంచి ఇలా?"

"మొదటి వేడి పెట్టిన దగ్గర్నుంచీ. ఇంత బాగా కనబడుతుంటే నయమవుతోందనుకున్నాను."

వేడి ఆపేశారు. అంచుల్లో చూపైనా మిగులుతుందన్నారు.

వరండాలో వదిన నా ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. "ఘ, శ, థ, ధ" అని చదివి ఆగింది.

"కింద ఇంకో వరుస ఉందే. ఇది ఆ బోర్డులో లేదు."

"చదువు వదినా."

పెదవులు కదిలాయి. నా కళ్ళలోకి కాకుండా కాస్త పైకి, నుదుటి మీదికి చూస్తూ నోరు మూసుకుంది.

"వద్దులే, పద" అని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.