కోడి దూకే ఇంజిన్

ధాత్రికి అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే, మొగుడు మహీధర్ మళ్ళీ ఇంజిన్ మారుస్తాడేమోనని. కారు ఇంజిన్ కాదు. కెనడాలోని సార్నియాలో వాళ్ళకింకా కారే లేదు. కంప్యూటర్ ఆటలో బొమ్మ నడవడానికీ దూకడానికీ ముందే తయారుచేసి ఇచ్చే సరంజామాను గేమ్ ఇంజిన్ అంటారట. ఇంటర్ మధ్యలో మానేసిన ధాత్రికి అది రుబ్బి ఉంచిన పిండిలా అర్థమైంది. మహీధర్ పిండి మారుస్తూనే ఉన్నాడు, పెనం మీద అట్టు మాత్రం పడడం లేదు. శుక్రవారం కాలేజీలో తను చేసిన ఆట చూపించకపోతే అతని సెమిస్టరు పోతుంది.

ప్రస్తుతానికి ఫ్రీ ఇంజిన్లో ఒక కోడి గోడ దూకుతోంది. అది దూకితేనే వాళ్ళ రెండేళ్ళ కూతురు అమ్ములు ముద్దకు నోరు తెరుస్తుంది.

“పెద్ద ఇంజిన్లో అయితే కోడి ఈకలు గాలికి ఊగుతాయే,” అన్నాడు మహీధర్ ఆ పొద్దున.

“ఊగకపోతే ఏమండీ, దూకుతోందిగా!”

“నీకు తెలీదులే. కొత్తదింకోటి వచ్చింది, అదీ బాగుందట. మూడిట్లో ఏదో తేలట్లేదు.”

“అయితే దేవుడి దగ్గర చీట్లు వేద్దాం.”

కెనడాలో ఏ ఊరి కాలేజీ అన్నదీ వాళ్ళకు అలాగే తేలింది. మహీధర్ సరేనన్నాడు. ధాత్రి వంటగట్టు దగ్గర మూడు చీట్లు రాసి, మడిచి, వెంకన్న పటం ముందు పడేసింది. మూడింటి మీదా ‘ఫ్రీ ఇంజిన్’ అనే రాసింది. రాసి, మనసులోనే లెంపలేసుకుంది.

“పసిపిల్ల చేత తీయిద్దాం,” అన్నాడు మహీధర్.

అమ్ములు ఒక చీటీ తీసింది. తీసి, నోట్లో పెట్టుకుని, చక్కగా నమిలి మింగేసింది.

“అయ్యో, ఉమ్మెయ్యమ్మా!”

“కంగారుపడకు. మిగిలిన రెండూ విప్పితే అది తిన్నదేదో తెలిసిపోతుంది.”

ధాత్రి చీట్లకు చెయ్యి అడ్డం పెట్టింది. “వద్దండీ! విప్పితే దోషం!”

విప్పనే విప్పాడు. చీట్లు చూశాడు, పెళ్ళాన్ని చూశాడు.

“ఇదేంటే?”

“స్వామి కాస్త గట్టిగా చెప్పాడేమో.”

“నీ చేతిరాతతోనా?”

ధాత్రికి ఏడుపు తన్నుకొచ్చింది. “మీరిలా పిండి మారుస్తూ కూర్చుంటే అట్టు ఎప్పుడు పోస్తారు? బోడి కోడే కావచ్చు, దాన్ని చూసి మీ కూతురు నవ్వుతోంది కదా!”

మహీధర్ కూతురి పొట్ట వైపు చూశాడు. “దేవుడి మాట కడుపులోకే పోయింది. ఇక కాదంటే ఎలా?” అని నవ్వి, కోడి ముందు కూర్చున్నాడు.

బయట హారన్ మోగింది. ధాత్రిని కాఫీ షాపు డ్యూటీకి కారులో తీసుకెళ్ళే సరోజన ఆంటీ వచ్చింది. ధాత్రి చెప్పులేసుకుంటూ కూడా మూడుసార్లు వెనక్కి చూసింది.

ఆమె ఇల్లు చేరేసరికి సాయంత్రమవుతుంది. మీలో ఎవరైనా అటుగా వెళ్తుంటే ఒక్కసారి తలుపు కొట్టి మహీధర్‌ను చూసి వెళ్ళండి. కోడి దూకుతుంటే పరవాలేదు. తెర మీద ‘డౌన్‌లోడ్ అవుతోంది’ అంటూ గీత పాకుతుంటే మాత్రం, ముందు నెట్ తీగ పీకేసి, ఆనక ధాత్రికి ఫోన్ చేయండి.