వదిలేసిన పేరా

చిక్కుడుకాయలకు నార తీస్తుంటే ఇప్పటికీ నా చెయ్యి ఒకచోట ఆగుతుంది. ఈ పని సగంలో అక్క అందుకునేది. రాజమణి అక్క నా తోటికోడలు, మా బావ మొగులయ్య భార్య. బహదూర్‌పురాలోని ఆ రెండు గదుల ఇంట్లో పొద్దున్నే ఆమె జొన్నరొట్టెలు కొడుతుంటే, నేను పక్కన కూర్చుని కూరగాయలు తరిగేదాన్ని. ఏడు కాగానే కత్తిపీట నా ముందునుంచి లాక్కునేది. ముందురోజు కట్టి ఉంచిన కనకాంబరాలు నా జడలో పెట్టి, "బడి పిల్లలు చూస్తరు, మంచిగుండాలె. ఇయ్యాల ఏం పాఠం చెల్లె?" అని అడిగేది.

అక్షరం రాని ఆమెకు నేను రోజూ ముందుగా పాఠం చెప్పేదాన్ని. భూమి తిరుగుతుందన్న రోజు, "మరి నా రొట్టె పెంక మీదికెళ్ళి జారదేంది?" అని నవ్వింది. ఇంట్లో అందరూ నా టీచరు ఉద్యోగాన్ని "కళావతి నౌకరి" అనేవాళ్ళు. నా వంతు గిన్నెలు కూడా ఆమె తోమితేనే నేను ఎనిమిదింటి బస్సు ఎక్కగలిగేదాన్ని. ఆ మాట ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.

ఒక ఏడు ఎనిమిదో తరగతి జీర్ణవ్యవస్థ పాఠం వచ్చినప్పుడు, కాలేయం కింద చిన్న సంచి ఉంటుందని, అందులో పిత్తరసం నిలవ ఉంటుందని చెప్పాను. "చేదుకట్టే గదా? కోడిని కోసినప్పుడు పగలకుండ తీస్తం," అంది. ఆ రసం వల్లే మలానికి రంగు వస్తుందని, రంగు మారితే జబ్బుకు గుర్తని పుస్తకంలో ఒక పేరా ఉంది. అది మాత్రం ఆమెకు చెప్పలేదు. తరగతిలోనూ చెప్పేదాన్ని కాదు. ఇది ఇంటి దగ్గర చదువుకోండి అని పేజీ తిప్పేదాన్ని.

డెబ్బయి ఎనిమిది వానాకాలంలో అక్కకు కుడివైపు పక్కటెముకల కింద నొప్పి మొదలైంది. మా అత్తమ్మ కాశమ్మ వాము నమలమంది. "అందరు తిన్నంక ఎప్పుడో తింటది, గ్యాసు గాక ఏమైతది?" అంది. అందరి తర్వాత ఎందుకు తింటుందో ఆ మాటలో లేదు. బావ ఉస్మాన్‌గంజ్‌లో ధాన్యం అమ్మే ఒక గల్లా దుకాణంలో పనిచేసేవాడు. అక్క మోకాళ్ళ నొప్పులకని అక్కడి మందుల షాపునుంచి గోళీలు తెచ్చేవాడు. ఆమె అవే రోజుకు నాలుగు మింగి పని చేసుకునేది. ఒకరోజు కూరలో ఉప్పు తక్కువైతే, వదినకు ఈ మధ్య పని మీద ధ్యాస లేదని మా ఆయన శివయ్య అన్నాడు.

ఒక పొద్దున నల్లా దగ్గర, బిందె నిండుతుంటే, అక్క నా చెవి దగ్గరికి వంగింది.

"నాలుగు దినాల సంది నల్లగ అయితుంది చెల్లె. తారు లెక్క. ఎవ్వలకు చెప్పకు, సిగ్గైతది."

ఆమె కళ్ళు పచ్చబడి ఉన్నాయి. డాక్టరు దగ్గరికి పోదామని బావతో అన్నాను. ఎందుకో చెప్పలేదు.

మా వీధి డాక్టరు అక్కను పరీక్షించి, విరేచనం ఏ రంగులో అవుతోందని బావను అడిగాడు.

"మంచిగనే అయితుంది సార్," అన్నాడు బావ.

ఆయన అబద్ధం చెప్పలేదు. తనకు తెలియదని ఆయనకు తోచలేదు, అంతే. అక్క నా వైపు చూసింది. నేను సైన్సు టీచరును. బావ ముందు ఆ మాట నా నోట రాలేదు. డాక్టరు కామెర్లని మందు రాసిచ్చాడు.

ఆరో రోజు అక్క నల్లా దగ్గరే పడిపోయింది. ఆసుపత్రిలో పెద్ద డాక్టరు ఓపిగ్గా వివరించాడు. పిత్తాశయంలో రాళ్ళున్నాయి. అవి ఒరుసుకుని సంచి వాచింది, లోపలే రక్తం కారింది. ఆ గోళీలు రక్తాన్ని గడ్డకట్టనివ్వవు కాబట్టి అది ఆగలేదు. కారింది పేగుల్లోకి దిగి నల్లగా పోయి ఉంటుంది, కొంత నాళానికి అడ్డుపడి కళ్ళు పచ్చబడ్డాయి. గోళీలు మాన్పించి, రక్తం ఎక్కించి, వేళకు సంచి తీసేస్తే చాలామంది బతుకుతారన్నాడు.

"నల్లగా పోతోందని ఇంట్లో ఎవరికీ తెలియదా?"

బావ తెలియదని తల ఊపాడు. నేనూ ఊపాను.

ఆపరేషన్ చేశారు. సంచి అప్పటికే పగిలి ఉంది. మూడో రోజు అక్క పోయింది.

మళ్ళీ బడికి బయల్దేరిన రోజు రొట్టెలు నేనే కొట్టాను. ఏం పాఠమని ఎవరూ అడగలేదు.

ఆ ఏడు జీర్ణవ్యవస్థ పాఠం దసరా సెలవుల తర్వాత వచ్చింది. ఆ పేరా దగ్గర అలవాటుగా నా వేళ్ళు పేజీ అంచు పట్టుకున్నాయి. అంచు వదిలి, ఆ పేరా పైకి చదివాను. ముందు బెంచీల్లో పిల్లలు ముసిముసిగా నవ్వారు. నవ్వు అయిపోయేదాకా ఆగి, మళ్ళీ చదివాను. తర్వాత పుస్తకం మూసి, ఇంట్లో ఎవరితోనూ అనని మాట ఆ నలభై మంది ఆడపిల్లలతో అన్నాను.

"మా అక్కకు నల్లగ అయింది. నాకు చెప్పింది. నేను డాక్టరుకు చెప్పలేదు."