మల్లెకొమ్మ దొంగతనం

అడిగి తెచ్చుకున్న మొక్క బతకదు, ఎత్తుకొచ్చిన మొక్క ఏపుగా పెరుగుతుంది. చోడవరంలో మా వీధి ఆడవాళ్లు ఈ మాట ఎంత గట్టిగా నమ్ముతారంటే, ఎవరి పెరట్లోనూ కొన్న మొక్క కనిపించదు. నమ్మనిది రూపాదేవి టీచరుగారు ఒక్కరే. రిటైరైనా ఆవిడకి ఇంకా క్లాసురూము పద్ధతులే.

ఆవిడ పక్కింటి గున్నమ్మ ఏటా చలి వదలగానే మల్లెపొదకి ఆకు దూసి, కొమ్మలు కత్తిరిస్తుంది. ఆ కొమ్మల్ని కిందటేడూ అంతకు ముందేడూ టీచరుగారు అడిగి, థాంక్స్ చెప్పి మరీ పట్టుకెళ్లి పాతారు. రెండుసార్లూ ఎండిపోయాయి. వచ్చే ఏడు చూద్దాం అనుకోవడానికి లేదు. ఆదివారం గున్నమ్మ వాళ్లు గాజువాకలో ఎండ రాని ఫ్లాటుకి వెళ్లిపోతున్నారు. ఇల్లు కొన్నవాళ్లు కారు కోసం పెరడంతా సిమెంటు చేయిస్తారట. టీచరుగారింట్లో బతక్కపోతే ఆ మల్లె ఇక లేనట్టే.

"ఈసారి నాను ఇవ్వను టీచరమ్మా, నువ్వే దొంగతనం సేసీ," అంది గున్నమ్మ. "సాయంత్రం గుడికెళ్తాను. గేటు తీసే ఉంటాది."

"దొంగతనమేటి గున్నమ్మా! ఇన్నేళ్లు పిల్లలకి నేనేటి చెప్పేను?"

"పిల్లలకి సెప్పేవు. మొక్కకి సెప్పలేదు కదా!"

సాయంత్రం టీచరుగారు ఇస్త్రీ చీర కట్టుకుని దొంగతనానికి బయల్దేరారు. అలవాటు కొద్దీ గేటు దగ్గర "లోపలికి రావచ్చా?" అని కూడా అడిగి నాలుక కరుచుకున్నారట. ఆవిడ కొమ్మ తుంచేసరికి గున్నమ్మ మొగుడు జగ్గయ్య పెరట్లోకి వచ్చాడు. ఆయనకి ఈ ఏర్పాటు ఎవరూ చెప్పలేదు. మసక చీకట్లో మనిషిని పోల్చుకోలేక "దొంగ! దొంగ!" అని అరిచాడు. మేమంతా పరుగెత్తాం. గుడినుంచి గున్నమ్మా అప్పుడే వచ్చింది.

టీచరుగారు కొమ్మని కొంగు చాటున దాచుకుని తల వంచుకున్నారు. చూడ్డానికి వచ్చిన వాళ్లలో సగంమంది ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్లే. ఆ అవస్థ గున్నమ్మ చూడలేకపోయింది.

"ఒరే, ఆగండి బాబూ. టీచరమ్మని నానే..."

"ఒసే గున్నమ్మా, నోరు ముయ్యి!" అన్నారు టీచరుగారు. ఆవిడ నోట 'ఒసే' వినడం మాకదే మొదలు. "నువ్వు ఇవ్వలేదు. నేను దొంగతనమే చేసేను."

గున్నమ్మకి అర్థమైంది. కొంగు నడుముకి దోపింది.

"సదూకున్నదానివి, సిగ్గు నేదా నీకు? నా సెట్టు మీదే పడిందా నీ కన్ను?" అని నోరారా తిట్టింది. తిడుతూ తిడుతూ ఏడ్చేసింది.

టీచరుగారు తల ఎత్తలేదు, కొమ్మ వదల్లేదు.

"ఇంకా తిట్టవే," అన్నారు.