గురువారం గోడ

కదిరిలో పాత బస్టాండు వెనక సందులో నాగజ్యోతి జిరాక్స్ అంగడి పొద్దున తొమ్మిదికి తెరుచుకుంటుంది. షట్టరు ముందర ఇన్ని నీళ్ళు చల్లి, మిషనుకు ఊదుబత్తి చూపించి, ఆధార్ కార్డులు పట్టుకుని తోసుకునేవాళ్ళను వరసలో పెడుతుంది. "రెండు పక్కలా తీయల్లనా, ఒక పక్క చాలునా?" అని దినానికి రెండొందల సార్లు అడుగుతుంది. నలభై నాలుగేళ్ళ మనిషి. పెండ్లి కాలేదు. కాలేదంటే కాలేదు, దాని వెనక పెద్ద కథేమీ లేదు. తమ్ముడు భరత్‌కుమార్ ఇంట్లో మిద్దె మీది గదిలో ఉంటుంది. ఎవరన్నా "తిరుపతికి పోదాం రా జ్యోతక్కా" అంటే, "అంగడి ఎవరు చూస్తారప్పా?" అంటుంది. అంగడి ఉత్త వంక. తెలియని ఊర్లో బస్సు దిగాలంటే ఆమెకు కాళ్ళు వణుకుతాయి, అదీ సంగతి.

గురువారం మాత్రం సాయంత్రం ఏడు కొట్టేసరికి గిరాకీని తరిమేసి కంప్యూటరు ముందర కూర్చుంటుంది. కూర్చున్న కాసేపటికి, సందుకు అవతల లింగప్ప ఎరువుల గోడౌను గోడ మీదికి నీడలు వస్తాయి.

ఎవరి నీడలంటే చెప్తాను. పద్దెనిమిదేళ్ళ కిందట టీవీలో 'ఏడో మైలురాయి' అని ఒక సీరియలు వచ్చేది, గురువారం గురువారం ఏడింటికి. అందులో వకుళ అనే పిల్ల ఇంట్లో చెప్పకుండా బయల్దేరి, ఏడో మైలురాయి కాడ బస్సు దిగి, చేతిలో సంచితో నిలబడింది. అంతే. మరుసటి వారం నుంచి సీరియలు లేదు. ఎందుకు ఆపినారో చెప్పిన పుణ్యాత్ముడు లేడు. ఆ పిల్ల యాడికి పోయింది? ఈ ఒక్క ప్రశ్న నెత్తికెక్కించుకుని కొంతమంది పిచ్చోళ్ళు ఇంటర్నెట్‌లో చేరి, వకుళకు తలా ఒక దారి రాయడం మొదలుపెట్టినారు. ఆ ఫోరం పేరు 'మైలురాయి గూడు'. పెట్టిందీ, కాపలా కాసిందీ నాగజ్యోతే.

గూట్లోకి ఎవరు వచ్చి కూర్చుంటే వాళ్ళ నీడ గోడ మీదికి వచ్చేది. కువైట్‌లో వంట చేసే ఒకాయన నీడ చెమటతో వచ్చేది, పోయినాక సున్నం మీద రోంత తడి మిగిలేది. రిటైరైన మేష్టారు ఒకాయన నీడ ఎప్పుడూ గొడుగుతో వచ్చేది. వాన పడని జిల్లాలో గొడుగేమిటికని సందులో నవ్వుకునేవాళ్ళు. లింగప్ప ప్రతి ఉగాదికీ ఆ గోడకు సున్నం కొట్టిస్తాడు. గురువారం దానికి సైకిలు ఆనించనీడు, సినిమా పోస్టరు అంటించనీడు. "మనుషులు కూర్చునే తావప్పా అది" అంటాడు.

నాగజ్యోతి నీడ కూడా వెనకున్న ట్యూబులైటు వెలుగుకు సందు దాటి గోడ మీదికి పోయేది. పోయి, నీళ్ళగొట్టం పక్కన కొప్పు పెట్టుకుని ఒడిలో చేటతో కూర్చునే నీడ కాడ చేరేది. ఆ కొప్పు నీడ తంగేడుపువ్వుది. తంగేడుపువ్వు అనేది గూట్లో పేరు. అసలు పేరు నాగజ్యోతికి తెలీదు. ఊరు తెలీదు. పదిహేడేళ్ళ స్నేహం! నాగజ్యోతి అమ్మ పోయిన ఏడు, నలభై దినాలు ఆమె గూట్లో ఒక్క ముక్క రాయలేదు. తంగేడుపువ్వు మాత్రం దినామూ ఒకే మాట రాసేది: 'ఈ పొద్దు అన్నం తిన్నావా?' నలభై ఒకటో దినం నాగజ్యోతి 'తిన్నా' అని రాసి, మిషను మీద తల పెట్టి ఏడ్చింది.

మరి పేరెందుకు అడగలేదంటారా? అడగరాదని రూలు పెట్టింది ఆమే. మొదటి ఏడాది గూట్లో ఒక రగడ జరిగింది. వకుళది ఏ కులం అని. సీరియల్లో పిల్ల, ఆమెకు కులమేందప్పా? అయినా మనవాళ్ళు ఊరుకుంటారా! మా పిల్లంటే మా పిల్లని రెండు జట్లయి, ఒకరి ఊర్లు ఒకరు, ఒకరి ఇంటిపేర్లు ఒకరు తవ్వుకుని బూతుల దాకా పోయినారు. ఆ పొద్దే నాగజ్యోతి చాటుగా మాట్లాడుకునే గది మూసేసి, పైన పెద్దక్షరాలతో రాసింది: 'ఊరు అడగరాదు. ఇంటిపేరు అడగరాదు. ఫోను నంబరు పెట్టరాదు.' పెట్టినోళ్ళ రాత నిమిషంలో తుడిచేసేది. పోయిన ఏడు కువైట్ ఆయన మోకాలి మందు చెప్పమని నంబరు పెడితే, పాపం ఆయనదీ తుడిచేసింది.

ఇట్లుండగా దసరా ముందర, గూటికి ఇంటర్నెట్‌లో తావిచ్చిన కంపెనీ నుంచి ఒక జాబు వచ్చింది. ఇట్లాంటి పాత ఫోరాలన్నీ మూసేస్తున్నామని, అక్టోబరు ముప్పై అర్ధరాత్రి ఆఖరని. ముప్పై గురువారమే పడింది. అప్పటికే సెట్టింగులు మార్చే వీలు ఆపేసినారు, తాను మూసిన చాటు గది తెరవాలన్నా తాళం చెవి లేదు.

నాగజ్యోతికి గూడు పోతుందని బాధే. అది ఓర్చుకోవచ్చు. తంగేడుపువ్వు పోతుందే, అది ఎట్ల ఓర్చుకునేది? ముప్పై దాటితే ఇంక ఆ మనిషి ఈ భూమ్మీద యాడుండాదో తెలిసే దారే లేదు. తాను పెట్టిన రూలు తానే తప్పాలంటే మొహం చెల్లదు. పోనీ, అవతలామె తప్పితే బాగుండునని దేవునికి మొక్కుకుంది.

దేవుడు విన్నాడు. ముప్పైకి ముందర ఆదివారం మధ్యాహ్నం, ఏదో పరీక్ష ఫారాల కోసం అంగట్లో జనం కిటకిటలాడుతున్నప్పుడు, గూట్లో ఒక రాత పడింది. నాగజ్యోతి ఒక చేత్తో కాగితాలు తీస్తానే తెర మీద పది అంకెలు చూసింది. చూసీ చూడకముందే ఇంకో చేయి తుడిచేసింది. పదిహేడేళ్ళ అలవాటు చేయి! తుడిచినాక పేరు కనపడింది. తంగేడుపువ్వు.

"అయ్యో, నా చేయి విరగా!" అని గట్టిగా అరిచింది. ఫారాలవాళ్ళు తమ కాగితాలే చినిగినాయని ఉలిక్కిపడినారు.

మళ్ళీ పెట్టమని ఆ క్షణమే రాయొచ్చు గదా. రాయలేదు. కువైట్ ఆయన చూస్తాడే, మేష్టారు నవ్వుతాడే అని సోమవారం అనుకుంది, మంగళవారం అనుకుంది, బుధవారమూ అనుకుంది. తంగేడుపువ్వు ఆ నాలుగు దినాలూ గూట్లో అడుగు పెట్టలేదు. చివరికి నాగజ్యోతి ఒక తీర్మానానికి వచ్చింది. గురువారం అందరూ వీడ్కోళ్ళు చెప్పుకుని పోయినాక, అర్ధరాత్రి దాకా టైముంటుంది కాబట్టి, తన పేరూ, అంగడి పేరూ, నంబరూ అన్నీ రాసేయాలని.

ఆ గురువారం నీడలకు గోడ చాలలేదు. ఎన్నడో పెండ్లిళ్ళయి మానేసిన నీడలు చంకలో పిల్లల నీడలతో వచ్చినాయి. గొడుగు నీడ మొదటిసారి గొడుగు మడిచి కూర్చుంది. గూట్లో ఒకరి మీద ఒకరు పడి రాసినారు. కువైట్ ఆయన 'మోకాలు నయమైంది తల్లీ, నీ మీద కోపం లేదు' అని రాస్తే నాగజ్యోతికి కండ్లు నిండినాయి. తంగేడుపువ్వు నీడ కూడా వచ్చింది. కానీ నీళ్ళగొట్టం కాడికి రాలేదు. గోడ ఇంకో కొసన, అటు మళ్ళుకుని కూర్చుంది.

లింగప్ప టీ గ్లాసుతో వచ్చి అడిగినాడు: "ఏం జ్యోతమ్మా, మీ ఇద్దరికీ ఏమన్నా మాట వచ్చిందా?"

"నేనే తప్పు చేసినాలే అన్నా. పన్నెండు లోపల సరిచేసుకుంటా."

"పన్నెండు దాంకా ఏమిటికి? ఇప్పుడే చెప్పకూడదా?"

"అందరి ముందరా ఎట్ల చెప్పేది?"

లింగప్ప టీ గ్లాసు ఆమె పక్కన పెట్టి పోయినాడు. ఎనిమిదిన్నరకు తెర తెల్లబడింది. నాగజ్యోతి ఒకసారి నొక్కింది, పదిసార్లు నొక్కింది. ఏమీ లేదు. కంపెనీవాళ్ళ అర్ధరాత్రి తూర్పున యాడో ఉండే వాళ్ళ దేశంది. ఆడ పన్నెండయితే కదిరిలో ఎనిమిదిన్నర. ఆ సంగతి ఎవరికి తట్టింది?

గోడ మీద నీడలు కాసేపు దిక్కుతోచక నిలబడినాయి. తర్వాత ఒకటొకటిగా లేసి, గోడ అంచు దాకా నడిచి, మలుపు తిరిగి పోయినాయి. నాగజ్యోతి తెర వైపే చూస్తూ కూర్చుంది. "మూర్ఖురాలా, మూర్ఖురాలా" అని తనను తాను తిట్టుకుంది. అవతల నీళ్ళగొట్టం పక్క నుంచి ఆమె నీడ లేసి, గోడ పొడుగునా నడిచి, కొప్పు నీడ ముందర పోయి కూర్చుంది. చేయి పట్టుకుంది. రెండూ కలిసి మలుపు తిరిగినాయి. షట్టరు దించేటప్పుడు గాని ఆమె చూసుకోలేదు, ఇనుప రేకు మీద తన నీడ లేదని.

పొద్దున మరదలు పద్మప్రియ ఉగ్గాని పెడుతూ అడిగింది: "వదినా, నీ నీడ యాడ పెట్టినావు?"

"పోయింది."

"పోతే తెచ్చుకోవల్ల గదా! ఎండలో నీడ లేకుండా తిరిగితే కండ్లు తిరుగుతాయి."

లింగప్ప కూడా అదే మాటన్నాడు. "మా పెదనాయన నీడ ఒకసారి గొర్రెల మందెంబడి పోయింది. మూడు దినాలు కొండల్లో తిరిగి తోలుకొచ్చినాడు. పోమ్మా, బస్టాండులో అడుగు."

బస్టాండులో కండక్టరు మారుతి పొద్దున్నే దొరికినాడు. "నిన్న రాత్రి ఆఖరి అనంతపురం బస్సుకు రెండు నీడలెక్కినాయక్కా. ఆడవాళ్ళకు ఉచితమే గదా, నేనేమీ అడగలేదు. ఒకటి మెడ ముందుకు వంచి కూర్చున్యాది, కంప్యూటరు ముందర కూర్చునేవాళ్ళ మాదిరి. అనంతపురంలో దిగి శింగనమల బోర్డు కింద నిలబడినాయి."

శింగనమల! ఏ సముద్రం అవతలనో అనుకున్న మనిషి, రెండు బస్సుల దూరంలో ఉండాదా? పదిహేడేళ్ళు! ఆమెకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చినాయి. కాళ్ళు ఎప్పటి మాదిరే వణికినాయి. వణుకుతానే బస్సెక్కింది. అంగడి తాళాలు తమ్మునికి పంపించింది.

శింగనమలలో దిగి, టీ కొట్టు ముందర కూర్చున్న ఒక ముసలాయనను అడిగింది. "తాతా, ఈ ఊర్లో రెండు నీడలుండే ఆమె ఎవరన్నా..."

"మల్లీశ్వరా? పొద్దున్నుంచి ఊరంతా అదే మాట. చెరువు కట్ట దిగితే ఎడమ పక్క, శెనక్కాయ కుప్పలుండే వాకిలి."

వాకిట్లో ఇద్దరు కూర్చుని శెనక్కాయలు తెంపుతున్నారు. ఒకామె ముసలి మనిషి, మల్లీశ్వరి అత్త హనుమక్క. ఇంకొకామెకు కొప్పు ఉంది, ఒడిలో చేట ఉంది, పక్కన రెండు నీడలు ఉన్నాయి. నాగజ్యోతి తన నీడను చూడగానే గుర్తుపట్టింది. అది ఆమె వైపు తల కూడా ఎత్తలేదు.

మల్లీశ్వరి చేట కింద పెట్టింది. "నువ్వేనా?"

"నేనే."

"నంబరు పెడితే తుడిచేస్తివి. నేనంటే ఇంతేనా అని నాలుగు దినాలు ఏడ్చినా, తెలుసునా?"

"చూడకుండా తుడిచినా మల్లీశ్వరీ! నా చేయి అట్ల పాడైపోయింది. చూసినాక మళ్ళీ పెట్టమని అడిగేకి సిగ్గుపడితి. నువ్వు లేకుంటే నాకు దినం గడవదు. ఆ మాట కూడా చెప్పలేకపోతి."

మల్లీశ్వరి లేసి వచ్చి, దుమ్ము చేతులతోనే ఆమెను గట్టిగా పట్టుకుంది. హనుమక్క కాయలు తెంపడం ఆపింది. "ఏడ్చింది చాలు. పొద్దున ఏం తినిందో ఏమో. సంగటి పెట్టు" అన్నది.

నీడ మాత్రం రాలేదు. నాగజ్యోతి దాని పక్కకు పోయి నిలబడింది, బుజ్జగించింది, గద్దించింది. ఊహూ. తమ్మునికి ఫోను చేసి, "ఇది మొండికేసింది రా, రెండు దినాలుండి తోలుకొస్తా" అన్నది. మల్లీశ్వరి మొగుడు జయరాం లారీ తోలుతాడు, నెలకు నాలుగు దినాలు ఇంట్లో ఉంటే ఎక్కువ. ముందర గది ఖాళీగానే ఉంది. ఇద్దరూ శెనక్కాయలు తెంపుతూ, వకుళను ఒకసారి బెంగుళూరుకు పంపించి, ఒకసారి వెనక్కి పిలిపించి, ఏ దారీ నచ్చక నవ్వుకున్నారు. ఈ ఏడు కాయలో సగం డొల్లేనని మల్లీశ్వరి చెప్పింది. తాసిల్దారాఫీసు కాడ జిరాక్స్ మిషను చెడిపోయి మూడు నెలలని, ఒక కాగితం కావాలన్నా అనంతపురం పోవాలని హనుమక్క విసుక్కుంది.

మూడో దినం మధ్యాహ్నం మల్లీశ్వరి ఉన్నట్టుండి చేట పక్కన పెట్టింది. "జ్యోతీ, నీ కాళ్ళ కాడ చూడు."

నీడ వచ్చేసింది. ఎప్పుడొచ్చిందో, మడమలకు అంటుకుని బుద్ధిగా కూర్చుంది.

"ఇంక పోతావా?" అని అడిగింది మల్లీశ్వరి.

నాగజ్యోతి కొంగుకు చేతులు తుడుచుకుని ఫోను తీసింది. "భరతా, అంగట్లో చిన్న మిషనుండాది చూడు. దాన్ని గోనెసంచిలో చుట్టి బస్సు మీదికెక్కించి పంపు. నా నాలుగు చీరలు, అమ్మ ఫోటో కూడా."

అవతల నుంచి భరత్‌కుమార్ అడిగినాడు: "అంటే... నువ్వెప్పుడొస్తావక్కా?"

"వస్తాలే రా" అన్నది నాగజ్యోతి. "మిమ్మల్ని చూసేకి."