ఎవరూ ముట్టుకోని గుడ్డ

"ఆవిడ ఒక్కతే వాడే వస్తువు ఏదైనా ఇవ్వండి. ఇంకెవరి చెయ్యీ పడనిది," అంది కుక్కలమ్మ.

ఆ ఇంట్లోవాళ్ళు ముఖముఖాలు చూసుకున్నారు. నిన్న పొద్దున పాలకని వెళ్ళిన కోడలు తిరిగి రాలేదు. ఆవిడ భర్త లోపలికి వెళ్ళి పెళ్ళి ఫొటో తెచ్చి కుక్క ముందు పెట్టాడు. ఫొటో చూసి మనిషిని పట్టే కుక్క ఉంటే ఇక పోలీసులకి జీతాలెందుకు? వాసన కావాలని కుక్కలమ్మ ఓపిగ్గా మళ్ళీ చెప్పింది. తప్పిపోయినవాళ్ళని వెతికే పోలీసు కుక్కల దగ్గర ఆమెకి పదేళ్ళ సర్వీసు. అక్కడున్న ముగ్గురిలో ఆడది తనొక్కతే కాబట్టి షెడ్డు కడిగే పని ఎప్పుడూ తనదే. "మీకు ఇంట్లో అలవాటే కదమ్మా," అంటారు మిగతా ఇద్దరూ. కుక్కలమ్మ అని పేరు పెట్టిందీ వాళ్ళే. ఇవాళ జీపెక్కుతుంటే ఇన్‌స్పెక్టర్ ఇంకో మాట అన్నాడు. "ఈసారీ ఉత్త చేతులతో వస్తే అమ్మడిని ఇంకొకరికి ఇచ్చేస్తాను. మీరు ఆఫీసులో ఫైళ్ళు చూసుకుందురుగాని."

అమ్మడు అంటే ఆ కుక్క. కళ్ళు తెరవని కూనగా ఒళ్ళో పెట్టుకుని పెంచింది.

అత్తగారు పట్టుచీర తెచ్చింది. "దాందే. మా అమ్మాయి కూడా పెళ్ళిళ్ళకి కట్టుకెళ్తుందనుకో." దువ్వెన ఇంటిల్లిపాదికీ ఒకటే. దిండు అడిగితే, "మనవలు వచ్చినప్పుడు వాళ్ళకిస్తాం. దానికి దిండు లేకపోయినా నిద్ర పడుతుంది," అంది. ఇంటికి దీపం ఇల్లాలు అంటారు కదా, ఆ దీపానికి ఇంట్లో ఒక గూడైనా లేదు.

నవ్వొచ్చింది గానీ కుక్కలమ్మ నవ్వలేకపోయింది. రేపు తనే కనపడకుండా పోతే తన ఇంట్లోవాళ్ళు మాత్రం ఏం తెచ్చిస్తారు? తువ్వాలు భర్త తుడుచుకున్నాక తను తుడుచుకునేదే. తన శాలువా అత్తగారి మోకాళ్ళ మీద ఉంటుంది. తన వాసన గురించి మాత్రం ఇంట్లో మాట్లాడని రోజు లేదు. "ఆ కుక్క కంపుతో వంటింట్లోకి రాకు, ముందు ఒళ్ళు రుద్దుకుని రా," అంటాడు భర్త. వంట చెయ్యొద్దని మాత్రం ఒక్కనాడూ అనడు. ఎంత వెతుక్కున్నా తనదంటూ ఒక్క వస్తువూ తట్టలేదు. ఒళ్ళు మండిపోయింది.

"ఆఁ, ఉంది ఉంది," అంది అత్తగారు, పెద్ద చిక్కు విడిపోయినట్టు. "బండలు తుడిచే గుడ్డ. దాన్ని మేమెవరం ముట్టుకోం."

బకెట్టు అంచున ఎండి బిరుసెక్కిన బూడిదరంగు గుడ్డని కుక్కలమ్మ పట్టకారుతో తీసి ప్లాస్టిక్ సంచిలో వేసింది. అందులో ఇంటిల్లిపాది కాళ్ళ వాసనా ఉంటుంది. అందుకే అమ్మడికి గుడ్డ వాసన పట్టించి, అందరినీ వరసగా నిలబెట్టి దాని చేత ఒక్కొక్కరినీ వాసన చూపించింది. గుడ్డలో వాసన ఉండి, వరసలో లేని మనిషి ఒక్కతే. అమ్మడు తల ఎత్తి వెనక గుమ్మం వైపు లాగింది. భర్త కూడా బయలుదేరబోతే, "మీరొస్తే దాని దృష్టి చెదురుతుంది," అని ఆపేసింది.

అమ్మడు మురిక్కాలవ పక్క సందులోంచి కూరగాయల మార్కెట్టు మీదుగా, రైలు గేటు దాటి ఒక పాత మేడ దగ్గరికి తీసుకెళ్ళింది. మేడ మీద ఆడవాళ్ళ హాస్టల్. చివరి గది తలుపు ఓరగా తీసి ఉంది. మిట్టమధ్యాహ్నం, మంచం మీద ఆవిడ నిద్రపోతోంది. దొరికితే మొరగాలని అమ్మడికి నేర్పింది తనే. ఇవాళ తనే దాని మూతి మీద చెయ్యి వేసింది.

ఆ అలికిడికే ఆవిడ ఉలిక్కిపడి లేచింది. "అయ్యో, స్టవ్ మీద..." అని, గది చూసుకుని ఆగిపోయింది. కుక్కనీ, ఖాకీ బట్టల్నీ చూసి ముఖం పాలిపోయింది.

"ఏం చూపించి పట్టుకున్నారక్కా నన్ను?"

కుక్కలమ్మ సంచి తీసింది. ఆవిడ ఆ గుడ్డని గుర్తుపట్టింది.

"చీరైనా ఇవ్వలేదా?"

"అది మీ ఆడపడుచు కూడా కడుతుందట."

ఆవిడ నవ్వబోయి ఏడ్చింది. "కింద కుట్టు మిషన్ల దగ్గర పని దొరికింది. రేపట్నించి వెళ్తాను. నేనిక్కడున్నానని తెలిస్తే సాయంత్రానికల్లా మా ఆయన వచ్చి ఈడ్చుకెళ్తాడు. ఒకసారి అయింది కూడా. నేను దొరకలేదని చెప్పక్కా."

ఫోను మోగింది. "ఏమమ్మా, మళ్ళీ దారి తప్పిందా మీ కుక్క?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

అవునంటే ఎవరూ అనుమానించరు. అమ్మడు తోక ఊపుతూ మెప్పు కోసం ఆమె ముఖంలోకే చూస్తోంది. పని సరిగ్గా చేసినవాళ్ళ మీద తప్పు రాయడం ఆమె పదేళ్ళుగా చూస్తూనే ఉంది. ఆ పని తన చేత్తో చెయ్యలేకపోయింది.

"దొరికింది సార్. క్షేమంగా ఉంది. తనంతట తనే వచ్చేసింది, వెనక్కి రానంటోంది. ఎక్కడుందో మాత్రం చెప్పను."

"చెప్పకపోతే సాయంత్రానికి కుక్కని అప్పగించాలి. తెలుసుగా?"

అమ్మడి మెడ మీది బొచ్చు ఆమె పిడికిట్లో ఉంది.

"అప్పగిస్తాను సార్. రిపోర్టులో మాత్రం కుక్క కనిపెట్టలేదని రాయకండి. అది కనిపెట్టింది. చెప్పనిది నేను."