కహీగా అమ్మిన దారి

లిమురు ఊరి పైన తేయాకు కొండల్లో జూలై నెలంతా పొగమంచే. పొద్దున్నే తలుపు తీస్తే ఎదురుగా ఏమీ ఉండదు. ముందు ఆవు అరుపు వస్తుంది, తర్వాతెప్పుడో ఆవు వస్తుంది. ఆ మంచులోనే పుట్టి పెరిగిన ముకామి మనుషుల్ని అడుగుల చప్పుడును బట్టే పోల్చుకుంటుంది. నిండు చూలాళ్ళ అడుగులైతే మరీను. బరువుగా, ఆగి ఆగి, మధ్యలో ఒక మూలుగు. అది రోడ్డు మీద వినబడగానే లేచి పొయ్యి మీద నీళ్ళు పెడుతుంది.

పెద్దాసుపత్రిలో ఇరవై ఏడేళ్ళు నర్సుగా చేసి దిగిపోయాక, ముకామి ఇంటి వెనక రెండు గదులు వేయించి, సర్కారు అనుమతి తెచ్చుకుని, కాన్పులు చేస్తోంది. ఆమె చెయ్యి మంచిదని చుట్టుపక్కల పేరు. చిక్కల్లా దారితోనే.

తారురోడ్డు నుంచి ఆ గదుల దాకా నూటయాభై అడుగులుంటుంది. అందులో ముకామికి ఉన్నది నీళ్ళ బిందెతో ఒక మనిషి నడిచేంత వెడల్పే. మిగతాదంతా పక్కింటి కహీగాది. రెంటి మధ్యా తాతల నాడు నాటిన సరిహద్దు లిల్లీలు బారుగా ఉన్నాయి. పెద్దల సమక్షంలో తప్ప వాటి మీద చెయ్యి వెయ్యకూడదు, వేసినవాడి ఇంట పొయ్యి ఆరిపోతుందని ఊరివాళ్ళ నమ్మకం. అందుకని వచ్చే బండి అటొక చక్రం, ఇటొక చక్రం వేసి, లిల్లీల్ని కడుపు కింద దాచుకుంటూ మెల్లగా దిగేది.

కహీగా భార్య వచూకా ఉన్నన్నాళ్ళూ అలాగే నడిచింది. నాలుగేళ్ళ క్రితం వచూకా ఆయనతో గొడవపడి నైవాషాలో చెల్లెలింటికి వెళ్ళిపోయింది. ఆ మర్నాడే కహీగా రెండు నీలగిరి దుంగలు తెచ్చి దారికి అడ్డంగా పడేశాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. డెబ్బై దాటిన మనిషి. ఊరంతా ఆయన్ని గూకా, అంటే తాతయ్య అని పిలుస్తుంది.

ముకామి అడిగింది.

"ఆ దుంగలు తీయించండి గూకా."

"నా నేల మీద నా దుంగలు పడుకున్నాయి. నీకేం నొప్పి?"

"నొప్పి నాక్కాదు, నొప్పులు పడేవాళ్ళకి."

"అయితే ఎగిరి రమ్మను."

"పోనీ దారి వెంబడి ఎనిమిదడుగుల వెడల్పు నాకు అమ్మేయండి. పద్ధతిగా కొలిపించుకుంటా."

"నేను చచ్చాక అడుగు."

"అప్పుడు మిమ్మల్నెలా అడగను?"

కహీగా తలుపేసుకున్నాడు. మొదటి ఏడు అలా గడిచింది. రెండో ఏడూ అంతే. ప్రతి వానాకాలం మొదట్లో ముకామి వెళ్ళి అడిగేది, ఆయన తలుపేసుకునేవాడు. చూలాళ్ళు రోడ్డు మీదే బండి దిగి, బురదలో, గోడ పట్టుకుని నడిచి వచ్చేవాళ్ళు.

నాలుగో ఏడు జూలైలో, తెలతెలవారుతుండగా, రోడ్డు మీద పికప్ ఆగింది. ముకామి చెవి ఒగ్గి వింది. అడుగులు నాలుగు పడ్డాయి. తర్వాత ఆగిపోయాయి. మళ్ళీ పడలేదు. ఆమె సంచీ అందుకుని మంచులోకి పరిగెత్తింది.

సెరఫీనా అనే అమ్మాయి, రెండో కాన్పు, మంచులో సన్నబాట తప్పి, దుంగ దాటడానికి కాలెత్తలేక దాని మీదే కూలబడిపోయింది. పక్కన మొగుడు ఏం చెయ్యాలో తోచక టోపీ తీసి మళ్ళీ పెట్టుకుంటున్నాడు. ముకామి ఒకసారి చూసింది. గదిదాకా తీసుకెళ్ళే వ్యవధి లేదు.

"ఎవరది నా దుంగ మీద?" కహీగా గొంతు, దాని వెనక కర్ర చప్పుడు, ఆ వెనక పాత ఉన్ని కోటు, కోటులో కహీగా.

"అరవకండి గూకా. ఆ కోటు విప్పి ఇలా ఇవ్వండి, అమ్మాయి కింద పరవాలి. విప్పారా? ఇప్పుడు దుప్పటి తెచ్చి, ఇటు వీపు పెట్టి నిలబడి, రెండు చేతులా చాపి పట్టుకోండి. రోడ్డు మీద పోయేవాళ్ళకి కనబడకుండా."

ఆయన కోటు విప్పి ఇచ్చాడు. దుప్పటి తెచ్చాడు. వీపు తిప్పాడు. చేతులు చాచాడు.

ఆ తర్వాతది ఎంతసేపో ముకామికి ఎప్పటికీ తెలియదు. మంచు చిక్కబడి రోడ్డు పోయింది, ఇళ్ళు పోయాయి. ప్రపంచంలో ఉన్నది నలుగురు మనుషులు, ఒక దుంగ, తెల్లటి గాలి. సెరఫీనా మూలుగు ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టుంది. లిల్లీల ఆకుల మీంచి నీటిచుక్కలు ఒక్కొక్కటే జారుతున్నాయి. ముసలాయన పట్టుకున్న దుప్పటి మాత్రం దిగలేదు. తర్వాత ఆ నలుగురూ ఐదుగురయ్యారు.

"ఆడా, మగా?" వీపు తిప్పకుండానే అడిగాడు కహీగా.

ముకామి తల పైకెత్తి నాలుక ఆడిస్తూ మూడుసార్లు కేక పెట్టింది. మగపిల్లాడైతే ఐదు, ఆడపిల్లయితే మూడు. అప్పుడు మంచు లోపల్నుంచి, ఏ ఇంటి నుంచో తెలీదు, మూడు కేకలు తిరిగొచ్చాయి. లోయ అవతల నుంచి మరో మూడు. ఇంకా కింద తేయాకు చాళ్ళలోంచి మరో మూడు. కనబడని ఆడవాళ్ళంతా ఆ పిల్లని పేరు పెట్టకముందే పలకరించారు.

కహీగా దుప్పటి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఇక దించమని రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

మర్నాడు ఆయనే ముకామి గుమ్మంలోకి వచ్చాడు.

"నాలుగేళ్ళుగా నా ఇంట్లో నా దగ్గు తప్ప ఇంకో చప్పుడు లేదు," అన్నాడు. "నిన్న అన్ని గొంతులు వినేసరికి ఒళ్ళు జల్లుమంది. కొలిపించుకో తల్లీ. ఎనిమిదడుగులూ తీసుకో."

ధర మాట టీ చల్లారేలోపే తేలిపోయింది. దుంగలు ఆ సాయంత్రమే పక్కకి దొర్లాయి. వారం తిరక్కుండా సర్వేయరు వచ్చాడు. గొలుసు ఒక కొస కహీగా చేతికిచ్చి, రెండో కొసతో మంచులోకి నడిచి మాయమైపోయాడు. కొలతలు పూర్తి చేసి, కాగితాలు సర్దుకుంటూ, "అమ్మకం చెల్లాలంటే భూమి బోర్డు ముందు మీ ఆవిడ కూడా వచ్చి సరేననాలి గూకా. చట్టం," అన్నాడు.

కహీగా మొహం వాడిపోయింది. "పోయిందని రాసెయ్యకూడదా?"

"అయ్యో! పోయారా?"

"నైవాషా పోయింది."

సర్వేయరు నవ్వాపుకోలేక గొలుసు చుట్టుకున్నాడు.

వచూకాని ఒప్పించే బరువు ముకామి మీద పడింది. మటాటు అనే షేరు వ్యాను ఎక్కి కొండ దిగింది. మలుపు మలుపుకీ మంచు పలచబడి, ఒక మలుపు తర్వాత హఠాత్తుగా ఎండ. లోయంతా బంగారు గడ్డి, దూరాన సరస్సు. ఇంత వెలుతురు ఉంటుందని మర్చిపోయినట్టు ఆమె కళ్ళు చికిలించింది. వచూకా చెల్లెలింటి వరండాలో కూర్చుని చిక్కుడు గింజలు ఏరుతోంది. సన్నబడింది. చెప్పిందంతా ఏరుతూనే వింది.

"నా చేత్తో పెంచిన పెయ్యని నన్నడక్కుండా అమ్మాడు. దానికే నేనొచ్చేసింది. తెలుసా నీకు?"

"తెలుసమ్మా."

"అంటే ఇప్పుడు సర్కారు అడగమంటే గానీ అడగబుద్ధి కాలేదన్నమాట ముసలాడికి."

"ఆయన అడగలేదమ్మా. నేనే అడుగుతున్నా."

"నువ్వు అడిగితే నీకు టీ ఇస్తాను. సంతకం కావాలంటే ఆయన్నొచ్చి అడగమను."

ముకామి వెళ్ళి ఆ మాట చెప్పింది. కహీగా మూడు రోజులు ఎవరికీ కనబడలేదు. నాలుగో రోజు ఉతికిన కోటు వేసుకుని మటాటు ఎక్కాడు. నైవాషాలో ఏం జరిగిందో ఇద్దరిలో ఎవరూ చెప్పలేదు. సాయంత్రానికి ఒక్కడే తిరిగొచ్చి, "వస్తుందట," అన్నాడు. అంతే.

బోర్డు రోజున వచూకా పచ్చ తలగుడ్డ కట్టుకుని వచ్చింది. కహీగాకి దూరంగా, బల్ల రెండో కొసన కూర్చుంది. అధ్యక్షుడు కాగితాలు చదివి, "ఈ అమ్మకం మీకు ఇష్టమేనా అమ్మా?" అని అడిగాడు.

వచూకా కాసేపు పైకప్పు చూసింది. "మళ్ళీ అడగండి."

అధ్యక్షుడు కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఇష్టమేనా?"

"ఇంకొక్కసారి అడగండి బాబూ. నలభై రెండేళ్ళ కాపురంలో నన్నెవరూ ఏదీ ఇన్నిసార్లు అడగలేదు."

గదంతా నవ్వింది. కహీగా మాత్రం తల వంచుకున్నాడు. మెల్లగా, తనకే చెప్పుకున్నట్టు, "ఇష్టమేనా వచూకా?" అన్నాడు. నవ్వులు ఆగిపోయాయి.

"ఇష్టమే," అంది వచూకా. అధ్యక్షుడి వైపు చూసే అంది.

పట్టా ముకామి పేరుకి మారాక పెద్దలు వచ్చి లిల్లీల్ని దుంపలతో సహా పెకలించి కొత్త హద్దు మీద నాటారు. వచూకా అది చూడ్డానికొచ్చింది. కహీగా తన గుమ్మం తీసి పెట్టాడు. ఆమె ఆ గుమ్మం వైపు చూసింది, కానీ వెళ్ళలేదు. నేరుగా దిగి ముకామి వంటింట్లోకి వచ్చింది.

"బాలింతలకి ఎవరు వండుతున్నారే?"

"నేనే. ఏదో తీరినప్పుడు..."

"నల్ల అనుములు మాడిన కంపు రోడ్డు దాకా కొడుతోంది. పాలు పడాల్సిన ఆడపిల్లలకి ఇదా తిండి? లే అక్కణ్ణుంచి."

అలా లేచిన ముకామికి మళ్ళీ గరిటె పట్టే పని పడలేదు. వచూకా వంటింటి పక్క చిన్న గదిలో చాప పరుచుకుంది. బాలింతలకి అనుములు, పిల్లల తండ్రులకి చీవాట్లు వేళ తప్పకుండా అందుతున్నాయి. మధ్యాహ్నం కాగానే కహీగా కొత్త హద్దు దాటి వస్తాడు. మొదటి రోజు దారి మధ్యలో ఆగిపోయి, "నీ నేల మీద నడిచి రావచ్చా డాక్టరమ్మా?" అని అడిగాడు.

"నేల సంగతి సరే గూకా. తిండి సంగతి లోపల అడగండి."

లోపల్నుంచి జవాబు రాలేదు. కంచం మాత్రం వచ్చింది. ఆయన మెట్టు మీద కూర్చుని తిన్నాడు.

వచూకా ఇప్పటికీ ముకామి దగ్గరే ఉంటోంది. భర్త ఇంటికి మకాం మార్చలేదు, మారుస్తానని ఎవరికీ మాటివ్వలేదు. ఆదివారాలు మాత్రం ఇద్దరూ కలిసి చర్చికి వెళ్తారు. దారి మీద కాస్త ఎడంగా నడుస్తారు. ఎదురుగా ఏ పికప్పో దీపాలు మసకమసకగా వెలిగించుకుని దిగుతుంటే చెరో పక్కకీ తప్పుకుంటారు. అది వెళ్ళిపోయాక మంచు మళ్ళీ కమ్ముకుని ఒకళ్ళకొకళ్ళు కనబడరు.

"ఉన్నావా?" అంటుంది ఒక గొంతు.

"ఉన్నాలే. నడు నడు, ప్రార్థనకి వేళైంది," అంటుంది రెండోది.