పెద్దల్లుడి సెలవురోజు

కంప్యూటర్ పెట్టె పక్కరేకు విప్పి, లోపలి దుమ్మును పాత పెయింటు బ్రష్షుతో దులుపుతున్నాడు పెద్దల్లుడు. ఫ్యాను రెక్కల మీద అది బూడిదరంగు దూదిలా అట్టకట్టి ఉంది. కిటికీ పక్క కుర్చీలో మామగారు ముక్కుకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తున్నారు. పొద్దున్నే గడ్డం నున్నగా గీసుకున్నారు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మెడ దగ్గరి బొత్తం కూడా పెట్టుకున్నారు.

పెద్దల్లుడికి బస్సు డిపోలో విడిభాగాల గదిలో ఉద్యోగం. కిటికీలోంచి మెకానిక్కులు చెయ్యి చాపుతారు. అడిగిన బేరింగో బోల్టో అరలోంచి తీసి ఆ చేతిలో పెడతాడు. ఇన్నేళ్ళుగా అతనికి బాగా తెలిసినవి ఆ చేతులే. దారిలో ఎదురైతే ముఖాలు గుర్తుపట్టలేడు. ఇంటికొస్తే కారే కుళాయి, వేడెక్కని ఇస్త్రీపెట్టె, మామగారి కళ్ళజోడు స్క్రూ అతని కోసం ఎదురుచూస్తుంటాయి. సెలవురోజున ఇదిగో, ఈ కంప్యూటర్.

దానిలో ఉన్న పాత సిస్టమ్‌కి కంపెనీవాళ్ళు ఎప్పుడో నీళ్ళొదిలేశారు. ఎదుటి మనిషి ముఖం చూస్తూ మాట్లాడే కాల్ అందులో తెరుచుకోవడం మానేసింది. ఫోనులో చూపిద్దామంటే మామగారి కంటికి అంత చిన్న ముఖం ఆనదు. కొత్త సిస్టమ్ ఎక్కిస్తే, పైఅంచున కెమెరా ఉన్న ఈ పెద్ద తెర మీద చూడవచ్చు. ఆయన చూడాలని తపిస్తున్న ముఖం మాత్రం చిన్నల్లుడిది.

చిన్నల్లుడు దూరాన ఓ నగరంలో ఉంటూ, స్నానాల గదులకు వేసే టైల్స్ అమ్ముతూ ఊళ్ళు తిరుగుతాడు. మాటకారి. వచ్చిన అరగంటలో ఇంటిల్లిపాదినీ నవ్విస్తాడు. కుర్చీలో వెనక్కి వాలి ఊగుతూ దాని కాలు విరగ్గొట్టి వెళ్తాడు. ఆ కాలుకు బంకరాసి మేకు కొట్టేది పెద్దల్లుడు. ఆ కుర్చీలో కూర్చుని చిన్నల్లుడి జోకులే మళ్ళీ చెప్పుకుని నవ్వేది మామగారు. దూరపు కొండలు నునుపు, పెరటి చెట్టు మందుకు పనికిరాదు అని పెద్దల్లుడు తనకు తాను చెప్పుకునేవాడు. ఎన్ని సామెతలు చెప్పుకున్నా కడుపులో మంట చల్లారేది కాదు.

మామగారు పేరున్న దర్జీ. పెద్దమ్మాయి పెళ్ళప్పుడు కొట్లో పని ఊపిరాడనంతగా ఉండి, పెద్దల్లుడి కోటు పనివాడి చేతికిచ్చారు. చిన్నల్లుడి కోటు మాత్రం గుడ్డ కొనడం దగ్గర్నుంచి కాజాల దాకా ఆయన చేతిమీదుగానే అయింది. పెద్దల్లుడి కోటు భుజాల దగ్గర కొంచెం లాగుతుంది. ఆ సంగతి అతను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. అత్తగారు పోయాక కొట్టు మూసేసి మామగారు వీళ్ళింటికే వచ్చేశారు. ఒకే కప్పు కింద ఇన్నాళ్ళుంటున్నా, పెద్దల్లుడిని "మీరు" అనీ "బాబూ" అనీ పిలుస్తారు. చిన్నల్లుడిని ఫోనెత్తగానే "ఒరేయ్" అంటారు. చుట్టాలంతా అది పెద్దల్లుడికిచ్చే మర్యాద అనుకుంటారు. ఆ "ఒరేయ్" వినబడినప్పుడల్లా అతను లేచి పక్కగదిలోకి వెళ్ళిపోతాడు.

రేకు బిగించి స్విచ్చి వేశాడు. కొత్త సిస్టమ్ ఈ మిషన్‌కి పడుతుందో లేదో చూసే పరీక్ష ఒకటుంది. అది నడిపించాడు. కాసేపు గిరగిరా తిరిగి, తెర మీద ఆకుపచ్చ టిక్కు పడింది. పడుతుంది. కిందటి వారమే మెమరీ పెంచి పెట్టాడు కదా, పడక ఏం చేస్తుంది?

మామగారు కుర్చీలో ముందుకు వంగారు. "ఏమంటోంది బాబూ?"

అక్షరాలు ఆయనకు కనబడవని పెద్దల్లుడికి తెలుసు. ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో మాత్రం తెలియదు.

"రాదంటోంది మామయ్యగారూ. దీనికి వయసైపోయింది."

"అంతేలెండి. నలిగి చిరిగేదాకా వచ్చిన గుడ్డకి ఎంత ఇస్త్రీ చేస్తే మాత్రం ఏముంది?" అన్నారు మామగారు. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. భార్య వంటింట్లోంచి చెల్లెలికి ఫోన్ చేసి, ఇవాళ కుదరదట అని చెప్పింది. చిన్నల్లుడు ఈ పూట కాల్ కోసమే పని మానుకుని ఇంట్లో ఉన్నాడట. సరే అయితే బయల్దేరతానన్నాడట.

పెద్దల్లుడికి మొదట హాయిగానే అనిపించింది. పరీక్ష తాలూకు కిటికీ మూసేశాడు. స్క్రూడ్రైవర్లు డబ్బాలో సర్దాడు. తలెత్తేసరికి మామగారు చొక్కా విప్పుతున్నారు. మెడ బొత్తం తీశారు, ఒక్కొక్కటే కింది బొత్తాలు తీశారు. మంచం మీద పరిచి, ఇస్త్రీ మడత చెడకుండా చేతులు వెనక్కి పెట్టి, అరచేత్తో నిమిరి మడిచారు. మరో రోజుకు పనికొస్తుందన్నట్టు అరలో పెట్టారు. తర్వాత బనీనుతో వచ్చి కిటికీ పక్కన కూర్చుని వీధిలోకి చూడసాగారు.

భార్య గుమ్మంలోకి వచ్చింది. "నిన్నట్నుంచి ఆ చొక్కా కోసం నాన్న నా ప్రాణం తీశారండీ," అని మాత్రం అని లోపలికి వెళ్ళిపోయింది.

భోజనం అతనికి సయించలేదు. చెయ్యి కడుక్కుంటూ, ఒక కిటుకుంది, ఇంకోసారి చూస్తానని చెప్పాడు. మామగారు ఏమీ అడగకుండా మళ్ళీ చొక్కా తొడుక్కున్నారు. కానీ చిన్నల్లుడు అప్పటికే పనిలోకి వెళ్ళిపోయాడు. సాయంత్రం టీవేళకి ఇంటికొచ్చి తనే చేస్తానని కబురు పెట్టాడు.

పెద్దల్లుడు ముందు మామగారి ఫొటోలను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాడు. ఒక్కొక్కటీ తెర మీద మెరిసి పోతోంది. చిన్నల్లుడు టోపీతో, చిన్నల్లుడు మామగారి భుజం మీద చెయ్యేసి, చిన్నల్లుడు మామగారి చెవిలో ఏదో చెబుతూ. వాటిల్లో తను లేడు. అన్నీ తీసింది తనే. ఒకదాంట్లో మాత్రం మూలన తన బొటనవేలు పడింది.

కొత్త సిస్టమ్ ఎక్కడం మొదలైంది. అంకె కదిలినట్టే కదిలి ఆగిపోతోంది. పెద్దల్లుడు స్టూలు లాక్కుని మామగారి పక్కన కూర్చున్నాడు. చేతులకు పనిలేక మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. వాళ్ళిద్దరూ ఏ పనీ లేకుండా పక్కపక్కన కూర్చోవడం అరుదు. బల్ల కింద పెట్టె రొప్పుతోంది.

"దీనికీ నాకూ ఒకటే రోగం. లేవాలంటే మధ్యాహ్నమవుతుంది," అన్నారు మామగారు.

పెద్దల్లుడు నవ్వాడు. ఆ నవ్వు ధైర్యంతోనే కావచ్చు, ఎన్నడూ అడగనిది అడిగేశాడు. "చిన్నవాడంటే మీకెందుకండీ అంత ఇష్టం?"

మామగారు కళ్ళజోడు తీసి, జేబులోంచి గుడ్డముక్క లాగి అద్దాలు తుడుచుకున్నారు.

"వాడికి నేనంటే భయం లేదు. కొలతలు తీసుకునేటప్పుడు కూడా వాగుతూ, కదులుతూనే ఉంటాడు. కోటు రెండుసార్లు విప్పి కుట్టాను." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "నువ్వేమో ఎప్పుడూ కొలతలివ్వడానికి వచ్చినవాడిలా ఊపిరి బిగబట్టుకుని నిలబడతావు. ఊపిరి బిగబట్టినవాడి కొలత ఎవడికి సరిగ్గా దొరుకుతుంది? ఒక్కసారి వదులు నాయనా."

పెద్దల్లుడు తల తిప్పలేదు. "నువ్వు" అన్నారు. పొరపాటున అన్నారో, కావాలనే అన్నారో. ఇంకోమాట మాట్లాడితే తేలిపోతుందని ఎదురుచూశాడు. ఏదో ఒకటి అడగాలి. ఫ్యాను గాలి తగులుతోందా అని అడుగుదామనుకున్నాడు. ఇంతలో పెట్టె తనంతట తానే ఆగి మళ్ళీ మొదలైంది. ప్లగ్గు వదులుగా ఉందేమోనని బల్ల కిందికి వంగి నొక్కి, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.

తెర నల్లబడింది. నల్లని అద్దంలో ఇద్దరూ కనిపించారు. స్టూలు మీద తను, కుర్చీలో మామగారు. ఆయన తల ఒక పక్కకి, ఇతని భుజం వైపు వాలి ఉంది. కునుకుపట్టింది పాపం అనుకుని పెద్దల్లుడు లేచి ఫ్యాను తగ్గించి వచ్చాడు. ఆయన తల తన భుజానికి ఆనేలా స్టూలు ఇంకొంచెం దగ్గరికి జరుపుకున్నాడు. కదలకుండా కూర్చున్నాడు. ఆ బరువు అతనికి బాగుంది.

చాలాసేపటికి తెర నీలంగా వెలిగింది. కొత్త బొమ్మ, కొత్త అక్షరాలు.

"మామయ్యగారూ, వచ్చేసింది," అన్నాడు మెల్లగా. ఇంకోసారి అన్నాడు. చెయ్యి పట్టుకుని చూశాడు.

భార్యను పిలుద్దామని నోరు తెరిచేలోగా కంప్యూటర్ మోగింది. ఎప్పుడూ వినని కొత్త మోత. దాన్ని ఎక్కడ ఆపాలో అతనికి తెలియలేదు. దొరికినదాన్ని నొక్కాడు. తెర నిండా చిన్నల్లుడి ముఖం వచ్చింది. పక్కన మరదలు. చిన్నల్లుడు నోరంతా తెరిచి నవ్వుతూ, "ఏం మావా, పెళ్ళికొడుకులా తయారయ్యావట?" అంటూ ఆగిపోయాడు.

ఆ తర్వాత డాక్టరు వచ్చి వెళ్ళాడు. ఇరుగుపొరుగు చేరారు. మామగారిని ముందుగదిలోకి మార్చారు. తెర మీద చిన్నల్లుడు చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడుస్తుంటే, పక్కనే ఉన్న కన్నకూతురు తన కళ్ళు తుడుచుకుని అతన్నే ఓదార్చింది. వచ్చినవాళ్ళు తెరలోకి తొంగిచూసి, పాపం ఎంత ప్రాణమో అన్నారు. పెద్దల్లుడు మంచం కాళ్ళు సర్దాడు, కుర్చీలు తెచ్చి వేశాడు. ఏడవడంలోనూ వాడిదే పైచేయి అనుకున్నాడు.

ప్రయాణానికి బయల్దేరేముందు చిన్నల్లుడు అతన్ని తెర దగ్గరికి పిలిచాడు. ముక్కు ఎర్రగా వాచి ఉంది. "నువ్వు అదృష్టవంతుడివి అన్నయ్యా. నీ భుజం మీదే పోయారట. ఎన్ని కబుర్లు చెబితే మాత్రం నాకేం దక్కింది?" అన్నాడు. ఆ గొంతులో ఉన్నది పెద్దల్లుడు వెంటనే గుర్తుపట్టాడు. ఇన్నేళ్ళూ తను మింగినదే అది. ఒక్క క్షణం లోపల తియ్యగా అనిపించింది. పొద్దున్నే కాల్ కుదిరి ఉండేదని చెప్పాలనుకున్నాడు. "జాగ్రత్తగా రండి," అన్నాడు.

కాల్ తెగిపోయింది. ముందుగదిలో మాటలు సద్దుమణిగాయి. కంప్యూటర్ కట్టేద్దామని పెద్దల్లుడు బల్ల దగ్గరికి వంగినప్పుడు కనిపించింది. తను ప్లగ్గు కోసం వంగినప్పుడు మామగారు లేచి కెమెరా కన్ను తుడిచినట్టున్నారు. తెర పైఅంచున, కెమెరా పక్కనే, కళ్ళజోడు తుడుచుకునే గుడ్డముక్క వేలాడుతోంది. నాలుగంచులూ సన్నగా మడిచి చేత్తో కుట్టిన గుడ్డ, నోటి ఆవిరి పట్టించి తుడిచిన మూల దుమ్ము అంటుకుని నల్లబడి ఉంది.